సాఫ్ట్‌వేరుకూ ఒక పాతర కావాలి

దుబాయి నగరం నుండి జెబెల్ అలీ వైపు సాగే షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రహదారి పక్కన దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ ఉన్నది. పేరులో పార్కు ఉన్నదని ఉద్యానవనమనుకోరాదు. 1997లో పుట్టిన ఈ పారిశ్రామిక వాడ విస్తీర్ణం సుమారు 2,300 హెక్టార్లు, అనగా మన కొలతలో 5,600 ఎకరాల పైమాట. ఇందులో కర్మాగారాలున్నాయి, గిడ్డంగులున్నాయి, పనివారి వసతిగృహాలున్నాయి, గ్రీన్ కమ్యూనిటీ వంటి చెట్లనీడల నివాసవాడలూ ఉన్నాయి. ఈ నాలుగింటిలోనూ మన తెలుగువారు కనబడతారు. కరీంనగరు, నిజామాబాదు జిల్లాల నుండి వచ్చి సరుకులు దించేవారు, గోదావరి జిల్లాల నుండి, కడప నుండి వచ్చి యంత్రాల వద్ద నిలబడేవారు, లెక్కలు వ్రాసేవారు, హైదరాబాదు నుండి వచ్చి కంప్యూటరు ముందు కూర్చునేవారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఈ చివరివారి కోసం వ్రాసినది. అయితే ఇందులోని సంగతి వారికంటె మిగిలినవారికే బాగా తెలుసు.

ఆ సంగతి గిడ్డంగి. కాకినాడ నుండి బియ్యమో గుంటూరు నుండి మిరపకాయలో జెబెల్ అలీ రేవులో దిగుతాయి. అక్కడినుండి లారీలలో గిడ్డంగికి చేరుతాయి. గిడ్డంగినుండి ఏరోజుకారోజు కొట్లకు వెళతాయి. కరామాలో కొట్టు పెట్టుకున్న వ్యాపారి, గిరాకీదారు వచ్చి కిలో కందిపప్పు అడిగినప్పుడల్లా ఆంధ్రదేశానికి తాఖీదు పంపించి ఓడకోసం ఎదురుచూడడు. అలా చేసేవాణ్ణి చూస్తే మనం నవ్వుతాం. కాని ఆ కొట్టు లెక్కలకోసమే సాఫ్ట్‌వేరు తయారుచేసే మన ఇంజనీర్లు, తమ పనికి కావలసిన సరుకును రోజుకు పదిసార్లు, ఇరవైసార్లు అమెరికా కంపెనీల భాండాగారాల నుండి తెప్పించుకుంటూనే ఉన్నారు. తెప్పించుకున్నది నిన్నటిదే, మొన్నటిదే. పక్క బల్ల వద్ద కూర్చున్నవాడు అరగంట క్రితం తెప్పించుకున్నదే.

ఆ సరుకు పేరు కంటెయినరు ఇమేజి. కంప్యూటరు వృత్తిలో లేని పాఠకులకోసం దీనిని కొంచెం వివరించవలసి ఉన్నది.

1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ అనే అమెరికా లారీల వ్యాపారి, ఐడియల్ ఎక్స్ అనే ఓడమీద 58 అల్యూమినియం పెట్టెలను నూఅర్క్ నుండి హ్యూస్టనుకు పంపించాడు. అంతవరకు ఓడలోకి సరుకు ఎక్కించడమంటే బస్తాలు, పీపాలు, కట్టలు విడివిడిగా మోయడమే. మెక్లీను చేసిన మార్పు చెప్పడానికి చిన్నది. లోపల ఏమున్నా సరే, పెట్టె బయటి కొలత ఒక్కటే. రేవులోని క్రేనుకు, ఓడకు, లారీకి లోపలి సరుకుతో పని లేదు. 1979లో తెరిచిన జెబెల్ అలీ రేవు ఈ పెట్టెల పుణ్యమా అని పెరిగినదే.

సాఫ్ట్‌వేరు వారికి కూడ ఇటువంటి బాధే ఉండేది. ఒక ప్రోగ్రాము పనిచేయాలంటే దానికి చుట్టూ చాలా పరివారం కావాలి. ఫలానా భాష ఫలానా సంచికలో ఉండాలి, ఫలానా ఉపకరణాల గ్రంథాలయం ఉండాలి, అమరికలు ఫలానా తీరున ఉండాలి. ఒకచోట నడిచినది మరొకచోట నడవదు. “నా కంప్యూటరులో బాగానే నడిచిందండీ” అన్న మాట వినని మేనేజరు ఉండడు. ప్రోగ్రామును దాని పరివారంతో సహా ఒకే పెట్టెలో పెట్టి పంపించే ఉపాయానికి డాకర్ అనే సాధనం బహుళ ప్రచారం తెచ్చింది. దానిని సాలమన్ హైక్స్ 2013 మార్చిలో శాంటా క్లారాలో జరిగిన పైథాన్ భాషాసభలో అయిదు నిమిషాల ప్రసంగంలో లోకానికి చూపించాడు. డాకర్ అంటే రేవు కూలి. పెట్టెకు కంటెయినరు అన్న పేరు ఓడల వారినుండి ఎరువు తెచ్చుకున్నదే.

ఇక ఇమేజి అంటే ఇక్కడ బొమ్మ కాదు. కంటెయినరు తయారు కావడానికి మూలమైన అచ్చు. ఈ అచ్చు ఒకే ముద్ద కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. మన టిఫిను క్యారియరును తలచుకోండి. అడుగు గిన్నెలో అన్నం, దానిమీద పప్పు, పైన కూర, ఆపైన పెరుగు. పదిమందికి పది క్యారియర్లు కట్టినా అడుగు గిన్నె అందరికీ ఒకటే కావచ్చు. అలాగే పది వేర్వేరు ఇమేజిలకు అడుగున డెబియన్ లినక్సు పొర ఒక్కటే ఉండవచ్చు. ప్రతి పొరకు ఒక వేలిముద్ర ఉంటుంది. షా-256 అనే గణిత ప్రక్రియతో పుట్టిన 64 అక్షరాల గుర్తు అది. పొరలో ఒక్క అక్షరం మారినా వేలిముద్ర గుర్తు పట్టలేనంతగా మారిపోతుంది. ఈ వేలిముద్ర విషయం పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. పొర ఎక్కడినుండి వచ్చినదన్న ప్రశ్నకు విలువ లేకుండా చేసేది అదే. వేలిముద్ర కలిస్తే అమెరికానుండి వచ్చినా, పక్కగదిలోని పాత కంప్యూటరునుండి వచ్చినా సరుకు ఒక్కటే. బియ్యానికి ఇంతటి హామీ ఇవ్వగల గిడ్డంగి లేదు.

ఇలా దగ్గరగా దాచుకునే చోటును కంప్యూటరు భాషలో క్యాష్ అంటారు. దుబాయి వచ్చినవారికి క్యాష్ అనగానే మరొకటి స్ఫురించడం సహజమే గాని, ఇది నగదు కాదు. దాచు అనే అర్థం గల ఫ్రెంచి క్రియనుండి పుట్టిన మాట. 1965లో మారిస్ విల్క్స్ ఈ భావాన్ని ‘బానిస స్మృతి’ అనే పేరుతో వర్ణించాడు. 1968లో ఐబీఎం వారి సిస్టమ్/360 మోడల్ 85 యంత్రాన్ని గురించిన వ్యాసాలతో క్యాష్ అన్న పేరు స్థిరపడింది. దీనికి తెలుగులో మాట వెదుకవలసిన పని లేదు. మన మెట్టప్రాంతపు రైతులకు పాతర ఉన్నది. నేలలో గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసిపెట్టేవారు. కంటికి కనబడదు, కరవు వచ్చినప్పుడు కడుపు నింపుతుంది. ఈ వ్యాసంలో క్యాషును పాతర అనే వ్యవహరిస్తాను.

పాతర ఎందుకు అనేవారికి మొదటి సమాధానం లెక్కలో ఉన్నది. డాకర్ హబ్ అనే భాండాగారం 2020 నవంబరు 2 నుండి ఉచిత వాడుకకు హద్దు పెట్టింది. పేరు చెప్పకుండా అడిగేవారికి ఆరు గంటలకు 100 ఇమేజిలు, ఉచిత ఖాతాతో అడిగేవారికి 200 అని అప్పుడు నిర్ణయించారు. పేరు చెప్పనివారిని గుర్తించేది ఇంటర్‌నెట్టు చిరునామాను బట్టి. పార్కులో పదిమంది ఇంజనీర్లు పనిచేసే ఒక చిన్న కార్యాలయాన్ని ఊహించండి. పదిమందీ బయటి లోకానికి ఒకే చిరునామాతో కనబడతారు. ఉదయం ఒక్కొక్కరు పన్నెండు ఇమేజిలు అడిగితే 120. అప్పటికే హద్దు దాటింది. పన్నెండు పెద్ద సంఖ్య కాదు. దత్తాంశాల నిలువకు ఒకటి, వెబ్ సర్వరుకు ఒకటి, సందేశాల వరుసకు ఒకటి, పరీక్షలకు రెండు మూడు అంటూ ఒక ప్రాజెక్టుకే అరడజను కావాలి. దీనికి తోడు, ఎవరు ఏ మార్పు చేసినా మొత్తం మళ్లీ కట్టి పరీక్షించే యంత్రం ఒకటి రాత్రింబవళ్లు అడుగుతూనే ఉంటుంది. భవనంలోని నాలుగు కార్యాలయాలు ఒకే చిరునామా వెనుక ఉంటే పొరుగువాని వాడుక కూడ మన పద్దులోనే పడుతుంది. అప్పుడు ‘అభ్యర్థనలు మితిమీరినవి’ అన్న జవాబు వస్తుంది, పని ఆగిపోతుంది.

కాలహరణం సంగతి కూడ చూద్దాం. ఒక ఇమేజి 800 మెగాబైట్లు అనుకుంటే పదిమందికి 8 గిగాబైట్లు. కార్యాలయానికి సెకనుకు 100 మెగాబిట్ల లైను ఉంటే, అది పూర్తిగా దీనికే అంకితమైనా 640 సెకన్లు, దాదాపు పదకొండు నిమిషాలు పడుతుంది. ఆ పదకొండు నిమిషాలు మిగిలిన వారి ఫోను సంభాషణలు, ఉత్తరాలు అన్నీ కుంటుతాయి. అదే పాతర ఉంటే బయటినుండి వచ్చేది ఒక్క 800 మెగాబైట్లే. లోపలి గిగాబిట్ తీగపై ఒక్కొక్కరికి ఏడు సెకన్ల లోపు. ఇది కేవలం గణితం, ఇందులో వాదానికి తావు లేదు.

వాదానికి తావున్నది రెండవ సమాధానంలో. అసలు ఈ వ్యాసం వ్రాయడానికి కారణం కూడ అదే.

ఇంటర్‌నెట్టు అనగానే ఆకాశంలో ఉన్నదన్న భావన మనవారిలో బాగా నాటుకున్నది. ‘మేఘం’ అన్న పేరు ఆ భ్రమను ఇంకా పెంచింది. ఎమిరేట్సు నుండి ఐరోపా, అమెరికాలకు వెళ్లే మన సమాచారంలో సింహభాగం సముద్రపు అడుగున పరచిన గాజు తీగలమీదనే ప్రయాణిస్తుంది. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో రెండు తీగలు తెగాయి. రెండు రోజుల తరువాత, ఫిబ్రవరి 1న, ఇక్కడికి అతి చేరువలో, దుబాయికి ఒమానుకు మధ్య ఫాల్కన్ అనే తీగ తెగింది. మరమ్మతుకు వెళ్లినవారికి అక్కడ అయిదారు టన్నుల లంగరు ఒకటి దొరికింది, ఏ ఓడవారో వదిలేసిపోయినది. ఆ వారంలో ఎమిరేట్సులోను, మన భారతదేశంలోను ఇంటర్‌నెట్టు పడిన ఇక్కట్లు అప్పుడు ఇక్కడున్న పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. పదిహేడేళ్ల తరువాత 2025 సెప్టెంబరు 6న ఎర్రసముద్రంలో, జెద్దా దగ్గర మళ్లీ తీగలు తెగాయి. భారతదేశం, పాకిస్తాను, ఎమిరేట్సు మూడింటిలోనూ వేగం పడిపోయింది. అంటే ఇది ఎన్నడో ఒకసారి జరిగి మరచిపోవలసిన వింత కాదు.

ఆ సంవత్సరమే మరి రెండు జరిగాయి. బిట్‌నామి అనే పేరుతో ఎంతోమంది ఉచితంగా వాడుకునే ఇమేజిల కోవ ఒకటి ఉండేది. దాని యజమానులు ఆగస్టు నెలాఖరునుండి అందులోని పాత సంచికలను వేరే భాండాగారానికి తరలించి, ఇకమీదట వాటిని సవరించబోమని ప్రకటించారు. పాత చిరునామాను నమ్ముకున్నవారు ఆత్రపడి దారులు మార్చుకోవలసి వచ్చింది. అక్టోబరు 20న అమెజాను వారి వర్జీనియా కేంద్రంలో కలిగిన లోపం వలన డాకర్ హబ్ సేవలే స్తంభించాయి. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. వరుసగా మూడు నెలలు, మూడు వేర్వేరు కారణాలు. ఒకటి యజమాని నిర్ణయం, ఒకటి సముద్రంలో ప్రమాదం, ఒకటి యంత్రలోపం. మూడింటిలోనూ దుబాయిలో కూర్చున్న ఇంజనీరు చేసిన తప్పు ఏమీ లేదు. కాని చెప్పిన తేదీకి సరుకు అందకపోతే జవాబు చెప్పవలసినవాడు అతడే. చిన్న కంపెనీకి ఒక ఒప్పందం పోతే ఏమవుతుందో, ఉద్యోగంతో వీసా, వీసాతో పిల్లల బడి ముడిపడి ఉన్న ఈ దేశంలో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఎడారి దేశపు ప్రభుత్వాలు ఈ జాగ్రత్తను ఎంత బాగా ఎరుగునో చూడండి. ఇక్కడ నదులు లేవు. త్రాగే నీరు సముద్రపు నీటినుండి ఉప్పు తీసి తయారు చేసినది. ఆ కర్మాగారాలు ఒకనాడు ఆగితే గతి ఏమిటి? అబు ధాబి ప్రభుత్వం లివా ఎడారిలో ఇసుక క్రింద నీటిని నింపి దాచింది. 2018 జనవరిలో ప్రారంభమైన ఆ నిలువలో 2 కోట్ల 60 లక్షల ఘనపు మీటర్ల మంచినీరు ఉన్నది. పదిలక్షల మందికి తొంభై రోజులు సరిపోతుందని అంచనా. నేలలో దాచిన నీటి పాతర అది. మనం ఉండే ప్రతి భవనానికి నీటి తొట్టి ఉన్నది. కొళాయిలో నీరు నిరంతరం వస్తూనే ఉన్నా తొట్టి అనవసరమని ఎవరూ అనరు.

ఇప్పుడు పాతర త్రవ్వే పద్ధతి చెబుతాను. ఇది చాలామంది అనుకునేంత బ్రహ్మవిద్య కాదు. మూలన పడి ఉన్న కంప్యూటరు ఒకటి, టెరాబైటు డిస్కు ఒకటి, అందులో లినక్సు ఉంటే చాలు. డాకర్ కంపెనీ మొదట తయారుచేసి తరువాత క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషనుకు అప్పగించిన రిజిస్ట్రీ అనే ప్రోగ్రాము ఉచితంగా లభిస్తుంది. దానికి ‘నీవు ఫలానా భాండాగారానికి ప్రతినిధివి’ అని అమరికలలో ఒక్క పంక్తి వ్రాయాలి. ఇంజనీర్ల కంప్యూటర్లలో డాకర్ అమరికల పత్రంలో ‘రిజిస్ట్రీ మిర్రర్స్’ అన్నచోట ఈ యంత్రపు చిరునామా చేర్చాలి. వాడుకగా ఇది 5000 సంఖ్య గల ద్వారం వద్ద వింటుంది. భద్రతా ధ్రువపత్రం కూడ తయారుచేసుకోవడం మంచిది. అది లేకుండా నడిపే అడ్డదారి ఉన్నది గాని నేను దానిని సిఫారసు చేయను. పని తెలిసినవారికి ఒక పూట చాలు.

ఇక అది నడిచే తీరు. మొదటివాడు ఒక ఇమేజి అడగగానే పాతర తనవద్ద లేదని గ్రహించి డాకర్ హబ్ నుండి తెప్పించి, అతనికి ఇస్తూనే తనవద్ద ఒక ప్రతి ఉంచుకుంటుంది. రెండవవాడు అడిగితే, ‘ఈ చీటీ ఇంకా అదే వేలిముద్రను చూపిస్తున్నదా?’ అని మాత్రం హబ్‌ను అడుగుతుంది. ఈ చిన్న ప్రశ్న హద్దుల లెక్కలోకి రాదు. అవునంటే తన డిస్కునుండి ఇచ్చివేస్తుంది. హబ్ పలకకపోతే తనకు ఆఖరున తెలిసిన ప్రతిని ఇస్తుంది. ఇంతవరకు అంతా సుఖాంతమే.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. పాతర పెట్టినవారు సైతం దీనిని తరచు గమనించరు. ఈ రిజిస్ట్రీ తెప్పించుకున్న సరుకును సహజంగా 168 గంటలే, అనగా ఏడు రోజులే ఉంచుతుంది. ఆ తరువాత చెరిపివేస్తుంది. అది పుట్టినది పొదుపు కోసం, కరవు కోసం కాదు. వేగం కావలసినవారికి ఏడు రోజులు చాలు. తీగ తెగినప్పుడు, లేదా యజమాని ఇమేజిని తరలించినప్పుడు, పది రోజులుగా ఎవరూ అడగని ముఖ్యమైన ఇమేజి పాతరలో ఉండదు. కావలసిన రోజునే ఉండదు. కొత్త సంచికలో ఈ గడువును సున్నా అని వ్రాస్తే చెరపడం మానుతుంది. అయినా నేను దానితో సరిపెట్టుకోమనను.

రైతు ఇంట తినే గింజలు వేరు, విత్తనపు గింజలు వేరు. వంటింటి డబ్బాలోవి రోజూ తీసుకుంటాం, తరిగితే నింపుతాం. విత్తనాలను ఏరి, ఎండబెట్టి, వేరే కుండలో కట్టి ఉంచుతారు. ఆకలివేసినా వాటిని ముట్టుకోరు. సాఫ్ట్‌వేరు కార్యాలయానికి కూడ ఈ రెండూ కావాలి. మొదటిది పైన చెప్పిన ప్రతినిధి పాతర. రెండవది తన సొంత రిజిస్ట్రీ. ప్రతినిధి పాతరలోకి మనంతట మనం సరుకు వేయడానికి వీలు లేదు, కనుక ఈ రెండవదానిని వేరుగా నడపాలి. ఖాతాదారులకు మనం అందజేసిన ప్రతి ఉత్పత్తి ఏయే ఇమేజిల మీద ఆధారపడి ఉన్నదో వేలిముద్రలతో సహా పట్టిక వ్రాసుకుని, వాటిని మాత్రం ఇందులో శాశ్వతంగా ఉంచాలి. వేగం కోసం ప్రతినిధి పాతర పెట్టుకుని, మేము జాగ్రత్తపరులమని తృప్తిపడేవారే నాకు ఎక్కువగా కనబడుతున్నారు. నా మట్టుకు నేను, రెండింటిలో ఒక్కటే పెట్టుకోగలిగితే విత్తనపు కుండనే పెట్టుకోమంటాను. నెమ్మదిగా నడిచే పని నడుస్తూనే ఉంటుంది. తిరిగి కట్టలేని ఉత్పత్తికి దిక్కు లేదు.

రెండూ ఒకే కప్పు క్రింద కావాలనుకునేవారికి హార్బర్ అనే సాధనం ఉన్నది. పేరుకు తగ్గట్టు అదీ రేవే. వీఎంవేర్ కంపెనీలో పుట్టి, 2018లో పైన చెప్పిన ఫౌండేషనులో చేరింది. 2020లో ప్రతినిధి పాతరగా పనిచేసే శక్తి దానికి వచ్చింది. చిన్న రిజిస్ట్రీ ఒక్క భాండాగారానికే ప్రతినిధిగా ఉండగలదు, హార్బరు పెక్కింటికి ఉండగలదు. అయితే దానిని పోషించడానికి పెద్ద యంత్రము, ఓపిక గల మనిషి కావాలి. అయిదుగురున్న కార్యాలయానికి అది ఏనుగును కట్టుకోవడమే.

ఈ వాదానికి ఎదురు చెప్పేవారు లేకపోలేదు. వారి మాటలలో కొన్ని న్యాయమైనవి. “మా పని అంతా మేఘంలోనే జరుగుతుంది, ఇమేజిలు కట్టేదీ అక్కడే, నడిపేదీ అక్కడే” అనేవారికి పార్కులోని గదిలో పాతర వలన లాభం లేదన్నది నిజమే. మైక్రోసాఫ్టు 2019 నుండి, అమెజాను 2022 నుండి ఎమిరేట్సులోనే తమ కేంద్రాలు నడుపుతున్నాయి. అటువంటివారు తమ పాతరను ఆ కేంద్రంలోనే పెట్టుకోవాలి. కాని ఈ పార్కులో మన ఇంజనీర్లు చేసే పనులను చూడండి. గిడ్డంగిలో పెట్టెలను లెక్కించేవి, శీతల గదుల ఉష్ణోగ్రతను కనిపెట్టేవి, కర్మాగారంలో తూనికలు నమోదు చేసేవి. ఇవి సరుకు ఉన్నచోటనే నడవవలసినవి. ఆ యంత్రం పాడై మరొకటి నిలబెట్టవలసి వస్తే, ఇమేజి వచ్చేదాకా శీతల గది ఆగదు.

మరొక ఆక్షేపణ ఇంకా బలమైనది. దాచిన ఇమేజి పాతబడుతుంది, అందులోని రక్షణ లోపాలు సవరణ కాకుండా మిగిలిపోతాయి అంటారు. దీనికి సమాధానం మన పాతరలోనే ఉన్నది. చాలాకాలం మూసి ఉన్న పాతరలో విషవాయువు చేరుతుంది. ఎరిగిన రైతు మూత తీసిన వెంటనే లోపలికి దిగడు. గాలి తగలనిచ్చి, దీపం దించి చూస్తాడు. దీపం ఆరిపోతే దిగరాదన్నమాట. ఇమేజిలకు ఆ దీపం వంటివి ట్రివీ మొదలైన పరీక్షా సాధనాలు. విత్తనపు కుండలో ఉన్న ప్రతి ఇమేజిని వారానికొకసారి వాటితో పరీక్షించి, లోపం కనబడితే కొత్తదానిని తెప్పించి, పాతదాని పక్కన ఉంచాలి. పాతదానిని పారవేయనక్కరలేదు, వాడకుండా ఉంటే చాలు. ఇక ‘లేటెస్ట్’ అనే చీటీని నమ్ముకుని ఇమేజి అడిగే అలవాటు పాతర ఉన్నా లేకున్నా చెడ్డదే. ఆ చీటీ ఈరోజు ఒకదానిమీద, రేపు మరొకదానిమీద అంటించి ఉంటుంది. సంచిక సంఖ్యనో, ఇంకా మేలు, వేలిముద్రనో పేర్కొనాలి.

డబ్బు సంగతి కూడ నిర్మొగమాటంగా అనుకోవాలి. హద్దులు దాటడానికి చిరునామాలు మార్చి మార్చి అడగడం, పది దొంగ ఖాతాలు తెరవడం వంటి ‘తెలివితేటలు’ కొందరిలో ఉన్నాయి. అవతలివారు కోట్లమందికి నిలువ, రవాణా ఖర్చు భరిస్తున్నారు. పాతర పెట్టుకోవడం వలన మన భారం వారిమీద తగ్గుతుంది, అది మర్యాద. దానితోనూ చాలకపోతే ఖాతాకు రుసుము చెల్లించడం న్యాయం. చెల్లించిన ఖాతా వివరాలను పాతర యంత్రంలో ఉంచేటప్పుడు మాత్రం జాగ్రత్త వహించాలి. ఆ ఖాతాకు అందుబాటులో ఉన్న రహస్యపు ఇమేజిలన్నీ పాతరను చేరగలిగిన ప్రతివారికీ అందుబాటులోకి వస్తాయి. అతిథుల కోసం పెట్టిన వైఫైనుండి ఈ యంత్రం కనబడకుండా చూడాలి.

ఈ ఇబ్బందులు కొత్తవనుకునే యువకులకోసం చిన్న జ్ఞాపకం. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు భారతదేశంలో సామాన్యులకు ఇంటర్‌నెట్టు తెరిచారు. టెలిఫోను తీగమీద దానితో లినక్సును దింపుకోవడం మాటలలో జరిగే పని కాదు. అందుకని 1990ల నడుమ పీసీక్వెస్ట్ వంటి పత్రికలు లినక్సును సీడీలో పెట్టి పత్రికతోపాటు ఇచ్చేవి. ఒక సీడీ హాస్టలుకు వస్తే గదినుండి గదికి తిరిగేది. దానిని ఎవరూ క్యాష్ అనలేదు. కాని చేసిన పని అదే. ఆ తరం వారికి లైను మీద నమ్మకం లేదు కనుక ఆ అలవాటు ఉండేది. లైను బాగుపడిన కొద్దీ అలవాటు పోయింది.

పాతర పెట్టుకున్నవారు చేయవలసిన పని మరొకటి ఉన్నది. ప్రతినిధి యంత్రం చచ్చిపోతే డాకర్ కిక్కురుమనకుండా నేరుగా హబ్‌కు వెళ్లిపోతుంది. పని నడుస్తూనే ఉంటుంది కాబట్టి పాతర చచ్చిన సంగతి నెలల తరబడి ఎవరికీ తెలియదు. ఈ దేశపు వేసవి ఎండలో, గిడ్డంగి అటకమీద చల్లదనం లేని మూలలో పెట్టిన పాత కంప్యూటరు డిస్కు ఎన్నాళ్లు బ్రతుకుతుందో చెప్పలేం. దానిని ఏసీ గదిలోనే పెట్టాలి, డిస్కుకు రెండవ ప్రతి ఉండాలి. మూడు నెలలకొకసారి, సెలవునాడు, కార్యాలయపు బయటి లైను తీసివేసి, ఏమీ లేని ఒక కంప్యూటరుమీద మీ ముఖ్యమైన ఉత్పత్తిని మొదటినుండి కట్టి చూడండి. ఎక్కడ ఆగిందో అక్కడ మీ విత్తనపు కుండలో ఒక గింజ తక్కువైనదన్నమాట. మొదటిసారి తప్పకుండా ఆగుతుంది. భాషల ఉపకరణాల పొట్లాలు, లినక్సు పొట్లాలు కూడ బయటినుండే వస్తున్నాయని అప్పుడు తెలుస్తుంది. వాటికి వేరే పాతరలు ఉన్నాయి, వాటిని ఒకదాని తరువాత ఒకటి పెట్టుకోవచ్చు.

మన సంఘాలవారికి కూడ ఒక సూచన. వేసవి సెలవులలో పిల్లలకు ప్రోగ్రామింగు నేర్పే తరగతులు పెట్టినప్పుడు, ఇరవైమంది పిల్లలు ఒకే హాలులో ఒకే వైఫైమీద ఒకే ఇమేజిని ఒకేసారి అడుగుతారు. మొదటి గంట చక్రం తిరగడం చూస్తూ గడిచిపోతుంది. ఒక చిన్న కంప్యూటరులో పాతర పెట్టి, ముందురోజు రాత్రే ఆ ఇమేజిలను ఇంటి లైనుమీద నింపుకుని, హాలులో ఒక రౌటరుకు తగిలిస్తే ఆ గంట మిగులుతుంది. ఆ యంత్రాన్ని నింపే పనిని పెద్ద తరగతి పిల్లలలో ఇద్దరికి అప్పగించవచ్చు.